కంటికందని పురుగు

ప్లమ్‌స్టెడ్‌లో శనివారం, చర్చి వెనక హాలు.
రేడియేటర్ మీద పిల్లల తడి గ్లౌజులు.
బల్ల కింద వంగి నేను
కుంటుతున్న కాలికి అట్టముక్క దోపుతున్నాను.
పైన మైక్రోస్కోపు. పాతది. ఆసుపత్రివాళ్ళు పారేస్తే
తెచ్చి బాగుచేశాను. నా పని అదే,
మసకబారిన కటకాలు తుడవడం.
చూసేదెవరో, ఏం చూస్తారో
ఇన్నేళ్ళలో ఎప్పుడూ పట్టించుకోలేదు.

అబియోనా బోర్డు మీద రాసింది: కొకొరో.
యొరుబాలో పురుగు.
పక్కనే ఇంకో మాట: ఐఫోజూరి.
కంటితో చూడలేనిది.
ముప్ఫయ్యేళ్ళు రక్తం సీసాలకు చీటీలంటించిన మనిషి
అమ్మ మాటల్లో తన చదువు ఎక్కడుందా అని
తడుముకుంటోంది.

"పురుగైతే కాళ్ళేవీ?" తొమ్మిదేళ్ళ దామిసీ.
"పురుగైతే చెప్పుతో కొడితే పోలా!" ముసలి ఎజిదే.
హాలంతా నవ్వు.
అబియోనా నవ్వలేదు. ఆ మాట కింద గీత గీసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

నాకు మా కావలి బడి.
కశాభం, మిథ్యాపాదం, సిద్ధబీజం,
సుబ్బరత్నం టీచరు బెత్తంతో ఒత్తులు దిద్దేది.
ఎంత చక్కగా పలికేవాళ్ళం!
ఒక్కటీ మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.
ఇంట్లో అమ్మమ్మ తరవాణి కుండ మూత తీసి, వాసన చూసి
"ఇంకా ఎదగలేదురా" అనేది.
ఏది ఎదగలేదో
టీచరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎజిదే సంచిలోంచి సీసా తీసింది.
మొక్కజొన్న నానేసి, రుబ్బి, గుడ్డలో వడకట్టి
నాలుగు రోజులు పులియబెట్టిన ఓగి,
దాని మీది తేట.
ఒక్క చుక్క. గాజుపలక. పైన పల్చటి గాజురేకు.
మర నేను తిప్పాను. ఒక కన్ను ఆనించి
రెండోది అరచేత్తో మూసుకుంది.

చాలాసేపు ఏమీ అనలేదు.
వెనక పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటున్నారు.
"పుల్లలున్నాయి... గింజలు కూడా.
ఒకదాని భుజమ్మీద ఇంకోటి మొలుస్తోంది."
తలెత్తకుండానే అంది:
"యాభై ఏళ్ళుగా ఇది నేనొక్కదాన్నే చేస్తున్నాననుకున్నా."

తర్వాత అడిగింది. యొరుబాలో.
అబియోనా నాకు ఇంగ్లీషులో చెప్పింది,
నాకు మాత్రం తెలుగులోనే వినిపించింది:
"డాక్టరిచ్చే బిళ్ళ పురుగుల్ని చంపుతుంది కదా,
ఏవి చెడ్డవో, ఏవి నావో
దానికెవరు చెబుతారు?"

"చాలాసార్లు ఎవరూ చెప్పరు" అంది అబియోనా.

మందుపెట్టెలో మడతపెట్టిన కాగితం
ఇంతదూరం ఎన్నడూ రాలేదు ఆమెతో.
హ్యాండ్‌బ్యాగు తెరిచి, సగం ఖాళీ అయిన బిళ్ళల రేకు
బల్ల మీద పెట్టింది.
పక్కింటావిడకు దగ్గొస్తే ఇద్దామని దాచిందట.

"మరి సగంలో ఆపితే బతికేవి?"
వాటికి పేరు కావాలి.
మొండివి, అన్నారెవరో.
మందు నేర్చుకున్నవి, అంది దామిసీ.
"నేర్చుకోలేదు. మిగిలాయి."
అబియోనా కొట్టేసింది, మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది.
పన్నెండవుతోంది. పేరు కుదరలేదు.

"మీరేమంటారు వీటిని?" నా వైపు తిరిగింది.
సూక్ష్మజీవి అనబోయి ఆగాను.
"పాలల్లో వేసే చెంచాడు పెరుగును
తోడు అంటాం."
"అంటే?"
"అంటే... వెంట ఉండేది."
తమ అక్షరాల్లో రాసుకుంది.
ఓ కింద చుక్క పెట్టాలా అని అడిగింది.
రెండుసార్లు పలికి చూపించాను. అక్కర్లేదంది.

జుంబా క్లాసువాళ్ళు తలుపు దగ్గర చాపలతో నిలబడ్డారు.
దామిసీ బోర్డు తుడిచేస్తోంది.
ఎజిదే మిగిలిన సీసా నా చేతిలో పెట్టి, మూత
కాస్త వదులు చేసింది.
"బిగించకు. ఊపిరాడదు, పేలుతుంది."

నూట డెబ్భై ఏడు నంబరు బస్సులో
ఒడిలో నిలబెట్టి పట్టుకున్నాను.
పక్కసీటాయన ముక్కు చిట్లించి
కిటికీ తీశాడు.